కాంటర్‌బరీ వకీలు, న్యూ హేవెన్ న్యాయమూర్తి

1997లో స్టీవెన్ స్పీల్‌బర్గ్ తీసిన ‘అమిస్టాడ్’ చిత్రాన్ని చదువరులలో చాలామంది చూసే ఉంటారు. ఆఫ్రికా నుండి అపహరించబడిన మనుషులు తమను మోసుకుపోతున్న ఓడను స్వాధీనం చేసుకోవడం, ఆ ఓడ అమెరికా తీరంలో పట్టుబడడం, వారు బానిసలా స్వతంత్రులా అన్న వివాదం న్యాయస్థానానికి ఎక్కడం దాని కథ. అందులో ఒక ఘట్టం ఉంది. విచారణ జరుపుతున్న వృద్ధ న్యాయమూర్తి తమకు ప్రతికూలంగా తీర్పు చెబుతాడేమోనని అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ మనుషులు భయపడతారు. ఆయనను తప్పించి, చెప్పినట్టు వింటాడనుకున్న కోగ్లిన్ అనే యువకుణ్ణి ఆ స్థానంలో కూర్చోబెడతారు. ఆ యువకుడు అంతరాత్మ ప్రబోధాన్ని అనుసరించి ఆఫ్రికన్లను విడిచిపెడతాడు.

తెర మీద ఇది బాగానే అమరింది. చరిత్రలో మాత్రం కోగ్లిన్ అనే న్యాయమూర్తి లేడు. ఫెడరల్ న్యాయమూర్తి సత్ప్రవర్తనతో ఉన్నంతకాలం పదవిలో కొనసాగుతాడని అమెరికా రాజ్యాంగం చెబుతుంది. కేసు నడుస్తుండగా అతణ్ణి తీసి మరొకరిని కూర్చోబెట్టే అధికారం అధ్యక్షుడికి లేదు. 1839 ఆగస్టులో ఓడ మీద జరిగిన తొలి విచారణ మొదలు 1840 జనవరి నాటి తీర్పు వరకు జిల్లా న్యాయస్థానపు పీఠం మీద కూర్చున్నవాడు ఒక్కడే. అతని పేరు ఆండ్రూ థామ్సన్ జడ్సన్. సినిమావారు వదిలేసిన ఈ మనిషి కథ, వారు కల్పించిన కథ కంటే చాలా చిక్కనిది. ఎందుకంటే ఆఫ్రికన్లను స్వతంత్రులని ప్రకటించిన ఈ న్యాయమూర్తే, అంతకు ఏడేళ్ళ ముందు, నల్లజాతి ఆడపిల్లలకు చదువు చెప్పినందుకు ఒక ఉపాధ్యాయినిని బోనెక్కించినవారిలో ప్రథముడు. ఈ రెండు ముఖాలూ ఒకే మనిషివెలా అయ్యాయన్నది నన్ను చాలాకాలంగా వెంటాడుతున్న ప్రశ్న.

జడ్సన్ 1784 నవంబరు 29న కనెక్టికట్ రాష్ట్రంలోని ఈస్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, 1806లో న్యాయవాదిగా నమోదై, కొన్నాళ్ళు వెర్మాంట్‌లోని మాంట్‌పీలియర్‌లో వకాలతు చేసి, 1809లో స్వరాష్ట్రానికి తిరిగివచ్చి కాంటర్‌బరీ అనే చిన్న పట్టణంలో స్థిరపడ్డాడు. 1819 నుండి 1833 వరకు విండమ్ కౌంటీకి ప్రభుత్వ న్యాయవాది. మధ్యలో రాష్ట్ర శాసనసభలోనూ కూర్చున్నాడు. ఊరిలో పెద్దమనిషి, మాటకారి, జాక్సన్ పక్షీయుడు. ఇంతవరకు ఇది ఆ కాలపు న్యూ ఇంగ్లండ్‌లో ఏ చిన్న పట్టణపు వకీలు జీవితమైనా కావచ్చు. అతని పేరు చరిత్రకెక్కడానికి కారణం పొరుగున వెలసిన ఒక బడి.

1831లో ప్రూడెన్స్ క్రాండల్ అనే యువతి కాంటర్‌బరీ నడిబొడ్డున, జడ్సన్ ఇంటికి చేరువలోనే, ఒక పెద్ద ఇల్లు కొని ఆడపిల్లలకు వసతి పాఠశాల తెరిచింది. క్వేకర్ కుటుంబంలో పెరిగిన మనిషి. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఊరి పెద్దలు ఆమెను ఆదరించారు, తమ కూతుళ్ళను పంపారు. 1832 శరత్కాలంలో సారా హారిస్ అనే అమ్మాయి వచ్చి, తనను చేర్చుకొమ్మని అడిగింది. ఆమె ఒక స్వతంత్ర నల్లజాతి రైతు కూతురు. తనవారి పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయిని కావాలని ఆమె కోరిక. క్రాండల్ చేర్చుకుంది. తెల్లవారి తల్లిదండ్రులు ఆ పిల్లను తీసేయమన్నారు. తీసేయకపోతే బడి మునిగిపోతుందన్నారు. అప్పుడు క్రాండల్ చేసిన పని నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆమె సారాను తీసేయలేదు, తెల్లపిల్లలనే పంపివేసింది. 1833 మార్చి 2న ‘లిబరేటర్’ పత్రికలో ప్రకటన ఇచ్చి, ఏప్రిల్ 1 నుండి నల్లజాతి బాలికల కోసమే బడి తెరుస్తానని చెప్పింది.

ప్రకటన వెలువడిన వారానికే, మార్చి 9న, ఊరి ప్రార్థనామందిరంలో సభ జరిగింది. స్త్రీలకు సభలో మాట్లాడే హక్కు లేదు కనుక, క్రాండల్ తన తరఫున మాట్లాడడానికి పక్కఊరి మతాచార్యుడు శామ్యూల్ మేనూ, బానిసత్వ వ్యతిరేక సంఘానికి చెందిన ఆర్నల్డ్ బఫమ్‌నూ పంపింది. కావాలంటే బడిని ఊరి నడుమనుండి కాస్త దూరంగా మార్చుకుంటానన్న రాజీ కబురు కూడా వారి దగ్గర ఉంది. జడ్సన్ వారిని నోరు మెదపనివ్వలేదు. బయటివాళ్ళు మన ఊరి వ్యవహారంలో తలదూర్చడమేమిటని గర్జించాడు. సభ ముగిసినట్టు ప్రకటించాక ఆ ఇద్దరూ మిగిలినవారితో మాట్లాడబోతే వారిని బయటకు పంపి తలుపులకు తాళం వేశారు.

రెండు రోజుల తరువాత జడ్సన్ తానే మే దగ్గరకు వెళ్ళాడు. ఆ సంభాషణను మే తన జ్ఞాపకాలలో రాసి ఉంచాడు. సభలోని కోపం అప్పటికి కొంత చల్లారింది గాని అభిప్రాయం చెక్కుచెదరలేదు. అభ్యంతరం ఈ ఒక్క ఊరి బడి మీద కాదు, కనెక్టికట్‌లో ఎక్కడా అలాంటి బడి ఉండకూడదని అతని మాట. నల్లవారు ఈ దేశంలో తమ హీనస్థితి నుండి ఎన్నటికీ లేవలేరు, లేవనివ్వకూడదు కూడా. వారి చోటు ఆఫ్రికా. వారిని అక్కడికే పంపాలి.

ఈ చివరి మాటను పట్టి ఉంచవలసిందిగా చదువరులను కోరుతున్నాను. అది జడ్సన్ ఒక్కడి వెర్రి కాదు. 1816లో స్థాపించబడిన అమెరికన్ కోలనైజేషన్ సొసైటీ చెప్పేదీ ఇదే. స్వతంత్రులైన నల్లవారిని ఆఫ్రికా తీరానికి తరలించడం దాని ధ్యేయం. లైబీరియా పుట్టుక అందులోనిదే. హెన్రీ క్లే, జేమ్స్ మన్రో, జేమ్స్ మాడిసన్ వంటి హేమాహేమీలు దాన్ని సమర్థించారు. బానిసత్వం చెడ్డదని నమ్ముతూనే, నల్లవాడు తమ పక్క ఇంట్లో ఉండడం మాత్రం సహించలేని మర్యాదస్థులకు అది చాలా సౌకర్యంగా ఉండేది. అందులోని వైచిత్రి ఏమిటంటే, ఆ పంపించవలసిన వారిలో అత్యధికులు అమెరికాలోనే పుట్టారు. సారా హారిస్‌కు ఆఫ్రికా ఎంత దూరమో జడ్సన్‌కూ అంతే దూరం.

బడి తెరుచుకుంది. ప్రావిడెన్స్, న్యూయార్కు, ఫిలడెల్ఫియా వంటి నగరాలనుండి సుమారు ఇరవైమంది అమ్మాయిలు వచ్చారు. ఊరు ఊరంతా వారి మీద కత్తి కట్టింది. దుకాణదారులు సరుకులు అమ్మలేదు. బడి బావిలో పేడ వేశారు. బడికొచ్చిన ఆన్ ఎలైజా హామండ్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి మీదికి ఊరి అధికారులు ఒక పాతచట్టాన్ని బూజు దులిపి తీశారు. పరాయి ఊరినుండి వచ్చి పొమ్మన్నా పోనివారికి వారానికి 1.67 డాలర్ల జుర్మానా, అప్పటికీ కదలకపోతే వీపు మీద పది కొరడా దెబ్బలు. ఆ అమ్మాయి దెబ్బలకైనా సిద్ధపడిందని తెలిసి వారే వెనక్కు తగ్గారు. అది చాలక, మే 24న రాష్ట్ర శాసనసభ చేత కొత్త చట్టమే చేయించారు. చరిత్రలో దానిని ‘బ్లాక్ లా’ అంటారు. రాష్ట్రేతరులైన నల్లవారికి బడి పెట్టాలన్నా, చదువు చెప్పాలన్నా, భోజన వసతి కల్పించాలన్నా ఊరి అధికారుల రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. కాంటర్‌బరీలో గంటలు మోగించి, ఫిరంగి పేల్చి పండుగ చేసుకున్నారు. ఆ చట్టం వెనుక నిలిచిన ప్రముఖుడు జడ్సన్.

జూన్ 27న క్రాండల్‌ను నిర్బంధించారు. జామీను కట్టడానికి మిత్రులు సిద్ధంగానే ఉన్నారు గాని, కావాలనే కట్టలేదు. ఒక ఉపాధ్యాయిని జైలులో పడుకున్నదన్న వార్త దేశమంతటా పాకాలన్నది వారి ఆలోచన, ఆమెకూ అది సమ్మతమే. ఒక రాత్రి జైలులో గడిపింది. వార్త అనుకున్నట్టే పాకింది. న్యూయార్కు వర్తకుడు ఆర్థర్ టప్పాన్ ముందుకొచ్చి, ఎంత ఖర్చయినా సరే మంచి వకీళ్ళను పెట్టమన్నాడు. (ఈ టప్పాన్ అన్న పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.)

ఆగస్టు 23న జరిగిన మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. అక్టోబరు 3న రెండవ విచారణ, రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ డాగెట్ ఎదుట. వాదమంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది. స్వతంత్రుడైన నల్లవాడు అమెరికా పౌరుడా? పౌరుడైతే, ఒక రాష్ట్రపు పౌరుడికి మరో రాష్ట్రంలో సమానమైన హక్కులు ఇచ్చే రాజ్యాంగ నిబంధన ప్రకారం ఈ చట్టం చెల్లదు. పౌరుడేనని క్రాండల్ వకీలు విలియమ్ ఎల్స్‌వర్త్ వాదించాడు. కాడని ప్రభుత్వం తరఫున జడ్సన్ వాదించాడు. ఈ దేశం తెల్లవారిది, ఈ చట్టం వీగిపోతే దేశమే చేజారుతుందన్న ధోరణి అతనిది. డాగెట్ జడ్సన్ పక్షమే వహించి, నల్లవారు పౌరులు కారని జ్యూరీకి చెప్పాడు. క్రాండల్ దోషి అయింది. 1834 జులైలో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది గాని, పౌరసత్వపు ప్రశ్నను తాకకుండా దాటవేసింది. అభియోగపత్రంలో, బడికి అనుమతి లేదన్న మాటను సరిగ్గా పేర్కొనలేదట! అంతటితో ప్రాసిక్యూషన్ ముగిసింది. న్యాయస్థానం చేయలేనిది సెప్టెంబరు 9 రాత్రి ఒక మూక చేసింది. దుడ్డుకర్రలతో, ఇనుప కడ్డీలతో వచ్చి కిటికీలన్నీ పగలగొట్టారు. మర్నాడు క్రాండల్ బడి మూసివేసింది.

జడ్సన్‌కు ఈ ఉదంతం వల్ల నష్టమేమీ జరగలేదు. 1835లో కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. 1836 జులైలో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ అతణ్ణి కనెక్టికట్ ఫెడరల్ జిల్లా న్యాయమూర్తిగా నియమించాడు. మన జిల్లా కోర్టుతో పోల్చుకుంటే పొరబడతాం. అమెరికాలో ‘జిల్లా’ అంటే అప్పట్లో చాలాచోట్ల రాష్ట్రమంతా. కనెక్టికట్ మొత్తానికి ఒకే జిల్లా, ఒకే న్యాయమూర్తి. సముద్రం మీద తలెత్తిన వ్యాజ్యాలు ముందుగా అతని దగ్గరకే రావాలి, వాటిలో జ్యూరీ ఉండదు. ఆ ఒక్కడు ఏది నిజమంటే అది నిజం.

మూడేళ్ళకు సముద్రం నుండి ఆ వ్యాజ్యం వచ్చింది. 1839 జూన్ చివరలో ‘లా అమిస్టాడ్’ అనే చిన్న ఓడ క్యూబాలోని హవానా నుండి అదే ద్వీపంలోని మరో రేవుకు బయలుదేరింది. ఆ స్పానిష్ మాటకు ‘స్నేహం’ అని అర్థం. ఓడలో యాభై ముగ్గురు ఆఫ్రికన్లు. నలభై తొమ్మిది మంది పెద్దవారిని హోసె రూయిస్, నలుగురు పిల్లలను పెద్రో మోంతెస్ హవానా సంతలో కొన్నారు. కొద్ది రోజులలోనే సెంగ్బె పియె అనే మెండే యువకుని నాయకత్వంలో (అమెరికన్లు అతణ్ణి సింకే అన్నారు) వారు తిరగబడ్డారు. ఓడపతినీ వంటవాణ్ణీ చంపారు. ఓడను సూర్యుడు ఉదయించే దిక్కుకు నడపమని మోంతెస్‌ను ఆజ్ఞాపించారు. అతను పగలు తూర్పుకూ, రాత్రి ఉత్తరానికీ నడుపుతూ సుమారు రెండు నెలలు మోసం చేశాడు. ఆగస్టు 26న న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండ్ తీరాన అమెరికా నౌకాదళపు లెఫ్టినెంట్ గెడ్నీ ఆ ఓడను పట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న న్యూయార్కుకు తీసుకుపోకుండా కనెక్టికట్‌లోని న్యూ లండన్‌కు తీసుకుపోయాడు. న్యూయార్కులో బానిసత్వం అప్పటికే రద్దయింది. కనెక్టికట్‌లో 1848 దాకా చట్టరీత్యా మిగిలే ఉంది. ఓడకూ సరుకుకూ తోడు మనుషుల విలువలో కూడా వాటా అడగదలచిన లెఫ్టినెంటు ఏ రేవును ఎందుకు ఎంచుకున్నాడో ఊహించడం కష్టం కాదు.

మూడు రోజులకు జడ్సన్ రేవుకు వచ్చి నౌక మీదనే విచారణ జరిపాడు. రూయిస్, మోంతెస్ చెప్పింది విన్నాడు. ఆఫ్రికన్ల మాట వినే భాష అక్కడ ఎవరికీ రాదు. హత్య, ఓడదోపిడీ అభియోగాల మీద వారిని పై విచారణకు నిలబెట్టి న్యూ హేవెన్ జైలుకు పంపించాడు. జైలరు పన్నెండున్నర సెంట్లు పుచ్చుకుని జనానికి వారిని చూపించేవాడు.

ఖైదీల తరఫున న్యూయార్కులో ఒక సంఘం ఏర్పడింది. దానికి ప్రాణం పోసినవాడు లూయిస్ టప్పాన్, క్రాండల్ వకీళ్ళకు డబ్బిచ్చిన ఆర్థర్‌కు తమ్ముడు. కేసు జడ్సన్ ముందుకు వెళుతోందని తెలిసినప్పుడు వారికి కలిగిన నిరాశను వేరుగా వర్ణించనక్కరలేదు. వాషింగ్టన్‌లో అదే వార్త సంతోషం కలిగించింది. ఓడనూ మనుషులనూ తిరిగి ఇవ్వాలని స్పెయిన్ 1795 నాటి ఒప్పందం చూపించి అడుగుతోంది. సముద్రపు దొంగలనుండి విడిపించిన ఓడలనూ సరుకులనూ యజమానికి చేర్చాలని అందులో ఉంది. మళ్ళీ ఎన్నికలకు నిలబడబోతున్న వాన్ బ్యూరెన్‌కు దక్షిణాది ఓట్లు కావాలి. న్యాయమూర్తి తమ పక్షంవాడే, పైగా కాంటర్‌బరీ జడ్సన్!

హత్య అభియోగం సెప్టెంబరులోనే పోయింది. స్పానిష్ ఓడ మీద, నడిసముద్రంలో జరిగిన నేరాన్ని విచారించే అధికారం అమెరికా న్యాయస్థానాలకు లేదని సర్క్యూట్ న్యాయమూర్తి స్మిత్ థామ్సన్ తేల్చాడు. మిగిలింది ఆస్తి తగాదా. ఈ మనుషులు ఎవరి సొత్తు? అది జడ్సన్ తేల్చాలి.

అంతా ఒక వాస్తవం మీద ఆధారపడి ఉంది. స్పెయిన్ తన వలసలకు ఆఫ్రికా నుండి బానిసలను తేవడాన్ని 1820 నుండి నిషేధించింది. కాబట్టి క్యూబాలో చట్టబద్ధమైన బానిస కావాలంటే అంతకు ముందే అక్కడికి వచ్చినవాడో, అక్కడే పుట్టినవాడో కావాలి. అలాంటివారిని ‘లాదినో’లంటారు. రూయిస్, మోంతెస్‌ల దగ్గర హవానా గవర్నర్ సంతకంతో అనుమతి పత్రాలున్నాయి. వాటిలో అందరూ లాదినోలే, అందరికీ స్పానిష్ పేర్లే. అయితే వీరిలో ఎవరికీ స్పానిష్ రాదు. ఆ పిల్లలకైతే పదేళ్ళు కూడా ఉన్నట్టు లేవు. మరి వారు మాట్లాడేది ఏ భాష?

ఇక్కడ ఒక భాషావేత్త ప్రవేశించాడు. ఇది నాకు ఈ కథలోకెల్లా ఇష్టమైన భాగం. యేల్ ఆచార్యుడు జొసయ్య గిబ్స్ జైలుకు వెళ్ళి, వేళ్ళు ఒక్కొక్కటే చూపిస్తూ, ఒకటి నుండి పది వరకు వారి అంకెలు నేర్చుకున్నాడు. (మెండే భాషలో నాలుగును ‘నాని’ అంటారు. మన ఇళ్ళలో ముద్దుపేరు!) ఆ అంకెలను పైకి వల్లిస్తూ న్యూయార్కు రేవులో నల్లజాతి నావికుల మధ్య తిరిగాడు. చివరకు ఒక బ్రిటిష్ యుద్ధనౌకలో పనిచేస్తున్న జేమ్స్ కవీ అనే కుర్రవాడు వాటిని గుర్తుపట్టాడు. చిన్నప్పుడు తానూ అపహరణకు గురై, బ్రిటిష్ నౌక విడిపిస్తే బయటపడినవాడు. అతణ్ణి న్యూ హేవెన్ జైలులోకి తీసుకువచ్చినప్పుడు, తమ భాష వినబడగానే లోపలివారు పెట్టిన కేకలు ఆనందపు కేకలు. నవంబరులో కవీ జబ్బుపడితే, జడ్సన్ విచారణను జనవరికి వాయిదా వేశాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, దుబాసీ లేకుండానే కానిచ్చివేయాలనుకునే న్యాయమూర్తికి అది మంచి అవకాశం. అతడు దానిని వాడుకోలేదు.

1840 జనవరి 7న న్యూ హేవెన్‌లో విచారణ మొదలైంది. రోజర్ షెర్మన్ బాల్డ్విన్ ఆఫ్రికన్ల తరఫు ప్రధాన న్యాయవాది. సెంగ్బె సాక్ష్యమిచ్చాడు. ఓడ అడుగున తమను ఎలా సంకెళ్ళతో కట్టి పడవేశారో, న్యాయస్థానపు నేల మీద కూర్చుని, చేతులూ కాళ్ళూ దగ్గరగా పెట్టి చూపించాడు. హవానాలో బ్రిటిష్ అధికారిగా పనిచేసిన డాక్టర్ రిచర్డ్ మాడెన్ అంతకు ముందే వాంగ్మూలం ఇచ్చాడు. కొత్తగా తెచ్చిన ఆఫ్రికన్లకు లాదినోలని పత్రాలు పుట్టించడం అక్కడ మామూలు, తలకింత అని అధికారులకు ముట్టజెప్పితే చాలునన్నాడు. సాక్ష్యాలు ఇంకా సాగుతుండగానే జడ్సన్ అడ్డుపడి, వీరు ఇటీవలే ఆఫ్రికా నుండి వచ్చినవారన్న సంగతిలో తనకు సందేహం లేదని, దాన్ని ఇంకా రుజువు చేయనక్కరలేదని చెప్పాడు.

ఆ సమయంలో న్యూ హేవెన్ రేవు బయట, నడి చలికాలంలో, ‘గ్రాంపస్’ అనే నౌకాదళపు ఓడ లంగరు వేసి ఉంది. తీర్పు ప్రభుత్వానికి అనుకూలంగా రాగానే, వకీళ్ళు అప్పీలు దాఖలు చేసే లోపునే, ఖైదీలను ఎక్కించుకుని క్యూబాకు పరుగెత్తాలని దానికి ఆజ్ఞ. రాసింది విదేశాంగమంత్రి జాన్ ఫోర్సైత్, సంతకం చేసింది సాక్షాత్తూ అధ్యక్షుడు. హడావిడిలో ఆ ఆజ్ఞలో న్యాయస్థానం పేరే తప్పు రాసి, మళ్ళీ దిద్దవలసి వచ్చింది. క్యూబాలో వారికి ఏమి కాచుకుని ఉందో అందరికీ తెలుసు.

జనవరి 13న జడ్సన్ తీర్పు చదివాడు. వీరు స్వతంత్రులుగా పుట్టారు, అపహరించబడ్డారు, స్పెయిన్ సొంత చట్టం ప్రకారమే వీరు బానిసలు కారు. గవర్నర్ సంతకమున్నా ఆ పత్రాలు అబద్ధం. కాబట్టి రూయిస్, మోంతెస్‌ల హక్కు చెల్లదు, స్పెయిన్ ఒప్పందం వీరికి వర్తించదు. ఓడను కాపాడినందుకు లెఫ్టినెంట్ గెడ్నీకి ఓడ, సరుకుల విలువలో మూడో వంతు. మనుషుల మీద మాత్రం ఏమీ లేదు. కనెక్టికట్‌లో వారిని అమ్మే అధికారం ఏ న్యాయస్థానానికీ లేదు కనుక వారికి అంగడి వెల సున్నా అని లెక్క. చివరగా, అక్రమంగా తెచ్చిన ఆఫ్రికన్లను స్వదేశం చేర్చే 1819 నాటి చట్టం ప్రకారం వీరిని అధ్యక్షుడికి అప్పగించి ఆఫ్రికాకు పంపాలి. చేతులకు రక్తం అంటి ఉన్నా సరే, వారు తమ ఆత్మీయులను మళ్ళీ కౌగిలించుకుంటారని ఒక్క వాక్యంలో ఉద్వేగం కూడా ఒలికించాడు. గ్రాంపస్ ఖాళీగా వెనుదిరిగింది.

జడ్సన్ మారాడు అని ఇక్కడ చాలామంది కథ ముగిస్తారు. బానిసత్వ సమర్థకుడు మనసు కరిగి న్యాయమూర్తి అయ్యాడని. నేను ఒప్పుకోలేకపోతున్నాను. తీర్పులోని చివరి ఆజ్ఞను చూడండి. వారిని ఎక్కడికి పంపమన్నాడు? ఆఫ్రికాకు. 1833లో శామ్యూల్ మేతో చెప్పినదేమిటి? వారి చోటు ఆఫ్రికా. ఈ దేశంలో నల్లవాడు పౌరుడు కాలేడన్న అతని సిద్ధాంతానికి ఈ తీర్పు ఎక్కడా గండి కొట్టలేదు. సారా హారిస్ ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఉపాధ్యాయిని అవుతానన్నది. ఆమె అతనికి శత్రువైంది. సెంగ్బె ఇంటికి పోతానన్నాడు. అతనితో జడ్సన్‌కు తగువేమీ లేదు. ఒకే నమ్మకం ఒకచోట క్రూరంగా, మరోచోట ఉదారంగా కనిపించిందంతే.

ఈ అనుమానానికి బలమిచ్చేది తీర్పులోని మరో భాగం. ఓడలో ఆంటోనియో అనే కుర్రవాడున్నాడు. చనిపోయిన ఓడపతికి బానిస. అతడు స్పానిష్ మాట్లాడేవాడు, స్పానిష్ రాజ్యంలోనే పెరిగాడు, అతని మీద దొంగ పత్రాలేవీ లేవు. అతణ్ణి ఓడపతి వారసులకు బానిసగా తిరిగి అప్పగించమని జడ్సన్ అదే తీర్పులో, అదే గొంతుతో ఆదేశించాడు. ముప్పై మందికి పైగా స్వతంత్రులు, ఒకడు ఆస్తి.

అలాగని ఆ న్యాయమూర్తికి దక్కవలసినది దక్కకుండా చేయడం కూడా నాకు న్యాయంగా తోచదు. గవర్నర్ సంతకమున్న పత్రాన్ని ప్రశ్నించకుండా అంగీకరించి ఉంటే అతణ్ణి తప్పుపట్టేవారు తక్కువ. ప్రభుత్వ వకీలు వాదించింది కూడా అదే. తన పార్టీ అధ్యక్షుడు ఓడ సిద్ధం చేసి కూర్చుని ఉండగా, ఒంటరిగా, జ్యూరీ అడ్డు కూడా లేకుండా, ఆ పత్రం అబద్ధమని రాయడానికి కొంత వెన్నెముక కావాలి. కాంటర్‌బరీలో అతడు ఓట్లు కావలసిన నాయకుడు, ఊరి కోపానికి నోరు. న్యూ హేవెన్‌లో అతనికి జీవితకాలపు పదవి ఉంది, ఎదుట ప్రమాణం చేసిన సాక్షి ఉన్నాడు, తీర్పుకు కారణాలు రాసి తీరాలి. పదవి మనిషిని మార్చకపోవచ్చు గాని, అతని చేత సాక్ష్యం చదివించగలదు. వాన్ బ్యూరెన్ అంచనాలో దొర్లిన పొరపాటు ఇదే ననుకుంటాను.

ప్రభుత్వం అప్పీలు చేసింది. డెబ్బై మూడేళ్ళ మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ సుప్రీం కోర్టులో బాల్డ్విన్‌తో కలిసి వాదించాడు. అది అందరికీ తెలిసిన ఘట్టం, సినిమా కూడా ఉంది కనుక సాగదీయను. 1841 మార్చి 9న జస్టిస్ జోసెఫ్ స్టోరీ వెలువరించిన తీర్పు, ఆఫ్రికన్లు స్వతంత్రులన్న జడ్సన్ నిర్ణయాన్ని నిలబెట్టింది. ఒక్క విషయంలో దిద్దింది. వీరు బానిసలుగా దిగుమతి కాలేదు, ఓడ తమ చేతిలో ఉండగానే తీరం చేరారు కనుక 1819 చట్టం వర్తించదు. అధ్యక్షుడికి అప్పగించనక్కరలేదు, వెంటనే విడిచిపెట్టాలి. న్యాయరీత్యా ఇది ఉన్నతమైన మాట. కాని దీనివల్ల వారికి ప్రభుత్వం ఇవ్వవలసిన ఓడ ఖర్చు పోయింది! టప్పాన్ సంఘం సభలు పెట్టి, చందాలు పోగుచేసి, నవంబరు చివరకు గాని ఓడ ఎక్కించలేకపోయింది. బతికి మిగిలిన ముప్పై అయిదుగురు 1842 జనవరిలో సియెరా లియోన్ చేరారు.

జడ్సన్ 1853 మార్చి 17న కాంటర్‌బరీలోనే మరణించేదాకా న్యాయమూర్తిగా కొనసాగాడు. అతడు పోయిన నాలుగేళ్ళకు, 1857లో, నల్లవారు అమెరికా పౌరులు కారని డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. అది రాసిన ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, తనకు మద్దతుగా చూపించిన వాటిలో కనెక్టికట్ బ్లాక్ లా, క్రాండల్ కేసు, అందులో డాగెట్ చెప్పిన మాట ఉన్నాయి. న్యూ హేవెన్‌లో జడ్సన్ ఇచ్చిన తీర్పు కంటే, కాంటర్‌బరీ కోసం జడ్సన్ చేయించిన చట్టమే ఆనాడు ఎక్కువ బలంగా పనిచేసింది.

ఆ చట్టాన్ని కనెక్టికట్ 1838లోనే రద్దు చేసుకుంది. అప్పటి గవర్నరు ఎవరనుకున్నారు? క్రాండల్ వకీలు ఎల్స్‌వర్త్! క్రాండల్‌కు 1886లో, ఎక్కడో కాన్సాస్‌లో వృద్ధాప్యం గడుపుతుండగా, సంవత్సరానికి 400 డాలర్ల భరణం మంజూరు చేసింది. మొదట సంతకాలు పెట్టి అడిగినవారు కాంటర్‌బరీ వాళ్ళే.

ఇక ఆంటోనియో. అతణ్ణి క్యూబాకు పంపవలసిన తీర్పును సుప్రీం కోర్టు మార్చలేదు. అధికారులు ఆ ఏర్పాటు పూర్తిచేసే లోపున, బానిసత్వ వ్యతిరేకుల రహస్య బాటలో, న్యూయార్కు మీదుగా అతడు కెనడాలోని మాంట్రియల్ చేరుకున్నాడు.